రాగం పేరు సరిచూడటం: ఏ పుస్తకం, ఏ కాలం, ఏ గాంధారం

పంతువరాళి రాగం ఎన్నో మేళమని, అంటే 72 మూల స్వరవరసల్లో (మేళకర్తల్లో) దాని సంఖ్య ఎంతని అడిగితే, నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్న పిల్లలెవరైనా తడుముకోకుండా 51 అంటారు. కామవర్ధని అని రెండో పేరు కూడా చెప్పి, "శంభో మహాదేవ" ఎత్తుకుంటారు. వాళ్లు చెప్పింది నిజమే. కానీ పదిహేడో శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి రాసిన చతుర్దండి ప్రకాశిక తెరిచి చూడండి. అందులో పంతువరాళికి ఇచ్చిన స్వరాలు 45వ మేళానివి. 51వ మేళం స్వరాలున్న రాగాన్ని ఆయన శుద్ధరామక్రియ అన్నాడు. రెంటికీ మధ్య తేడా ఒక్క గాంధారమే, సరిగమల్లో గ. 45లో సాధారణ గాంధారం, 51లో దానికి ఒక మెట్టు పైనున్న అంతర గాంధారం, మిగిలిన ఆరు స్వరాలూ ఒకటే.

ఆ తర్వాత ముద్దు వేంకటమఖి పేరుతో ప్రచారమైన పట్టికలో 45 శివపంతువరాళి అయింది, 51 కాశిరామక్రియ అయింది. గోవిందుడి సంగ్రహ చూడామణి పట్టికలో 45 శుభపంతువరాళి, 51 కామవర్ధని. వాడుకలో మాత్రం ఒట్టి "పంతువరాళి" అనే మాట 45ను వదిలి 51 మీద వాలింది. ఇప్పుడు ఎవరైనా పాత పుస్తకంలో "రాగం: పంతువరాళి" అని చూసి, ఇవాళ్టి పంతువరాళి అనుకుని అంతర గాంధారంతో స్వరపరిస్తే తప్పెవరిది? పుస్తకానిది కాదు. పేరు చూసి కాలం చూడనివాళ్లది.

నా వాదమల్లా ఇదే. స్వరాల వరసకు పేరు పుట్టుకతో రాదు, ఎవరో ఎప్పుడో పెడతారు. కాబట్టి "ఈ రాగానికి సరైన పేరేది?" అని అడిగినంతకాలం వాదం తెగదు. "ఈ స్వరాలను ఫలానా పుస్తకం, ఫలానా కాలంలో ఏమని పిలిచింది?" అని అడిగితే జవాబు దొరుకుతుంది, ఇంకొకరు దాన్ని సరిచూడనూవచ్చు. రాగాల లిస్టులు తయారుచేసేవాళ్లలో చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారు.

పని మొదలుపెట్టాల్సింది పేరుతో కాదు, స్వరాలతో. షడ్జాన్ని సున్నా అనుకుని పన్నెండు స్థానాలకు 0 నుంచి 11 దాకా అంకెలు వేసుకోండి. ఆరోహణ, అవరోహణ రెంటినీ ఆ అంకెల్లోకి దించండి. వక్రం ఉంటే, అంటే స్వరాలు వరస తప్పి నడిస్తే, వక్రంగానే రాయండి, అన్యస్వరం (మేళంలో లేని స్వరం) ఉంటే పక్కన విడిగా గుర్తుపెట్టండి. ఇంత చాదస్తం ఎందుకంటే, స్వరాల పేర్లు కూడా కాలంతో మారాయి. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు అచ్చువేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో "పంచశ్రుతి రిషభం" కనబడితే, అది ఇవాళ మనం చతుశ్శ్రుతి రిషభం అంటున్నదే, అంకె 2. రామామాత్యుడి స్వరమేళకళానిధిలో (1550) "శుద్ధ గాంధారం" అన్నా అదే స్థానం. హిందుస్తానీ పుస్తకంలో "శుద్ధ రే" అన్నా అదే. కానీ మన "శుద్ధ రిషభం" అంకె 1, హిందుస్తానీవాళ్ల కోమల రే. "శుద్ధ ధైవతం" అన్న మాట మనకు 8, వాళ్లకు 9. కన్నడ, మరాఠీ పుస్తకాల నుంచి తెలుగులోకి దింపుకున్న పట్టికల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ "శుద్ధ" దగ్గరే. రాగం పేరు సరిగ్గానే ఉంటుంది, ధైవతం ఒక మెట్టు పైకో కిందికో జారుతుంది. చదివేవాళ్లు అది పాఠాంతరమేమో అనుకుంటారు.

ముఖారి సంగతి చూస్తే ఈ జాగ్రత్త ఎందుకో బోధపడుతుంది. రామామాత్యుడు, వేంకటమఖి ఇద్దరికీ ముఖారి అంటే అన్నీ శుద్ధ స్వరాలున్న మొట్టమొదటి మేళం. అంటే ఇవాళ్టి కనకాంగి స్వరాలు: 0, 1, 2, 5, 7, 8, 9. ఇవాళ కచేరీలో వినబడే ముఖారి 22వ మేళం కింద చేరుస్తున్న భాషాంగ రాగం, అంటే అన్యస్వరం కూడా వచ్చేది. రెండూ ఒక రాగమే కాలక్రమంలో మారిందా, ఒకే పేరు పెట్టుకున్న రెండు రాగాలా అన్నది చరిత్రకారుల పని. లిస్టు రాసేవాళ్ల పని రెంటినీ విడివిడి పద్దులుగా రాసి, పక్కన కాలం వేయడం.

స్వరాలు అంకెల్లోకి వచ్చాక మేళకర్త సంఖ్యను ఎవరినీ అడగక్కర్లేదు, లెక్క కట్టొచ్చు. రి1, రి2, రి3 అంటే అంకెలు 1, 2, 3; గ1, గ2, గ3 అంటే 2, 3, 4; ద1, ద2, ద3 అంటే 8, 9, 10; ని1, ని2, ని3 అంటే 9, 10, 11. రిషభ గాంధారాల జతలు ఆరు: రి1గ1, రి1గ2, రి1గ3, రి2గ2, రి2గ3, రి3గ3. వీటికి వరసగా 0, 6, 12, 18, 24, 30. ధైవత నిషాదాల జతలు కూడా ఆరే: ద1ని1, ద1ని2, ద1ని3, ద2ని2, ద2ని3, ద3ని3. వీటికి 1 నుంచి 6. మధ్యమం అంకె 5 కాక 6 అయితే, అంటే ప్రతి మధ్యమమైతే, ఇంకో 36 కలపాలి. షణ్ముఖప్రియకు ప్రతి మధ్యమం 36, రి2గ2కు 18, ద1ని2కు 2, మొత్తం 56. పంతువరాళి గొడవ కూడా ఇందులో తేటతెల్లంగా కనబడుతుంది. 36, 6, 3 కలిస్తే 45. గాంధారం మారగానే 36, 12, 3 కలిసి 51.

ఇక రెండో లెక్క, పేరులోంచి వచ్చేది: అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది. క నుంచి ఝ దాకా 1 నుంచి 9, ఞ సున్నా. ట నుంచి ధ దాకా మళ్లీ 1 నుంచి 9, న సున్నా. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య నుంచి హ దాకా 1 నుంచి 8. మేళకర్త పేరులో మొదటి రెండు అక్షరాల అంకెలు తీసుకుని తిరగేస్తే మేళ సంఖ్య. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిరగేస్తే 29. ఇది అందరూ సంగీతం క్లాసులో వల్లెవేసిందే. కానీ ఇది పేరు సరిచూసే పనిముట్టు అని ఎక్కువమందికి తట్టదు. స్వరాల లెక్క ఒక సంఖ్య ఇస్తుంది, అక్షరాల లెక్క ఇంకొకటి ఇస్తుంది. రెండూ కలవకపోతే స్వరాల్లోనో స్పెల్లింగులోనో తప్పు ఉన్నట్టే.

స్పెల్లింగు తప్పులు ఎక్కువగా ఒత్తుల దగ్గర వస్తాయి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. ఇంగ్లీషు లిస్టుల్లో ట, ఠలకు ఒకటే అక్షరం. ఆ రెండు దారుల్లో తిరిగి తెలుగులోకి వచ్చిన పేర్లు ఒత్తులు పోగొట్టుకుని వస్తాయి. "నటభైరవి" అని రాస్తే న 0, ట 1, తిరగేస్తే 10. అది నాటకప్రియ సంఖ్య. "నఠభైరవి" అని రాస్తేనే 20. "కరహరప్రియ" అంటే 21, అది కీరవాణి ఇల్లు. ఖ ఉంటేనే 22. "జాలవరాళి" 38కి పోతుంది, "ఝాలవరాళి" 39. "దేనుక" 8, "ధేనుక" 9. పేర్లను ఇంగ్లీషు వెబ్‌సైటులో చూసి తెలుగులో టైపు చేయడం కన్నా పాత తెలుగు అచ్చుప్రతిలో చూసి రాసుకోవడం మేలని నేననేది భాషాభిమానంతో కాదు, మన లిపిలో ఆ అంకె చెడకుండా నిలుస్తుంది కాబట్టి.

సంస్కృతం మీద గౌరవం ఎక్కువైనా చిక్కే. "రిషభప్రియ"ను దిద్ది "ఋషభప్రియ" అని రాసేవాళ్లున్నారు. కటపయాదిలో విడి అచ్చుకు సున్నా, కాబట్టి 60 వస్తుంది, నీతిమతి సంఖ్య. రిషభప్రియ 62. ఇక్కడ వ్యాకరణం కన్నా లెక్కదే పైచేయి.

సంయుక్తాక్షరాల దగ్గర మాత్రం ఈ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదు. మామూలు సూత్రం ప్రకారం చివరి హల్లు లెక్కకు వస్తుంది. రత్నాంగిలో "త్న"కు న తీసుకుంటే 02, సూర్యకాంతంలో "ర్య"కు య తీసుకుంటే 17, ధర్మవతిలో "ర్మ"కు మ తీసుకుంటే 59. అన్నీ సరిపోయాయి. కానీ చక్రవాకంలో అదే సూత్రం పట్టుకుంటే 26 వస్తుంది, అది చారుకేశి. మొదటి హల్లు క తీసుకుంటేనే 16. దివ్యమణి, విశ్వంభరి, శ్యామలాంగి, సింహేంద్రమధ్యమం, చిత్రాంబరి, జ్యోతిస్వరూపిణి కూడా అంతే, మొదటి హల్లే పనిచేస్తుంది. సంఖ్య ముందే ఖాయమై ఉంది కాబట్టి ఏ హల్లుతో కుదిరితే దానితో సరిపెట్టుకున్నారని నా అభిప్రాయం. కాబట్టి సంయుక్తాక్షరమున్న పేరు లెక్క తప్పితే తొందరపడి స్పెల్లింగు దిద్దకండి, మొదటి హల్లుతో కూడా వేసి చూడండి.

కటపయాది కోసం పాత పేర్లకు ముందు తోకలు తగిలించారు. శంకరాభరణానికి ధీర, కల్యాణికి మేచ, తోడికి హనుమ, మాళవగౌళకు మాయా, నాటకు చల. పాత గ్రంథాల్లో "మేచకల్యాణి" అని వెతికి, లేదని, అప్పటికి ఆ రాగమే లేదని తేల్చేయకూడదు. తోక తీసేసి వెతకాలి. ముద్దు వేంకటమఖి పేరున్న పట్టికలో 65కు శాంతకల్యాణి అని వేరే తోక ఉంటుంది. శ 5, "ంత"లో త 6, మళ్లీ 65. అదే పట్టికలో 8 జనతోడి.

దీనికీ గోవిందుడి పట్టికకూ మధ్య గందరగోళం అంతా ఇంతా కాదు. కనకాంగి, రత్నాంగి అని మొదలయ్యేది గోవిందుడిది. అందులో మేళాలన్నీ సంపూర్ణం, ఆరోహణ అవరోహణలు రెండూ క్రమంగా ఏడు స్వరాలు. కనకాంబరి, ఫేనద్యుతి అని మొదలయ్యేది ముద్దు వేంకటమఖి పేరున్నది, ముత్తుస్వామి దీక్షితుల బాణీది. అందులో రాగాంగ రాగం, అంటే మేళానికి పేరిచ్చే రాగం, ఆరోహణలో స్వరాలు వదిలేయొచ్చు, వక్రంగా నడవొచ్చు. "22: ఖరహరప్రియ = శ్రీరాగం" అని సమానం గుర్తు పెట్టిన పట్టికలు ఎన్నో ఉన్నాయి. అది తప్పు. శ్రీరాగం ఆరోహణ స రి మ ప ని స. రెండూ పంచుకున్నది సంఖ్యను మాత్రమే. శ్రీరాగం పేరులో శ్రీకి ర 2, రాకు 2, సంఖ్య అచ్చంగా కుదురుతుంది, దాంతో తప్పు మరింత నమ్మదగ్గదిగా కనబడుతుంది.

కర్తృత్వం దగ్గర ఇంకో గోతి ఉంది. సంగీత సంప్రదాయ ప్రదర్శిని కనకాంబరి పట్టిక లక్షణ శ్లోకాలను వేంకటమఖి పేరు మీదే ఇస్తుంది. కానీ చతుర్దండి ప్రకాశిక మూలంలో ఆ పేర్లు లేవు. 72 మేళాల చట్రం వేంకటమఖిదే అయినా, ఆయన తన కాలంలో వాడుకలో ఉన్నాయని పేరుపెట్టి చెప్పినవి 19 మాత్రమే. కనకాంబరి పేర్లు తర్వాతి తరంవని పరిశోధకులు తేల్చారు. "వేంకటమఖి ఫేనద్యుతి అన్నాడు" అని రాస్తే ఒక పేరును కొన్ని దశాబ్దాలు వెనక్కి నెట్టినట్టే.

మేళాల్లోంచి పుట్టినవిగా లెక్కించే జన్యరాగాల దగ్గరికొస్తే "ఏ మేళ జన్యం?" అన్న ప్రశ్నకు చాలాసార్లు స్వరాల్లో జవాబే ఉండదు. మోహనంలో మధ్యమం లేదు, నిషాదం లేదు. 28, 29, 64, 65 నాలుగింటి కిందా ఇముడుతుంది. 28 అని రాయడం సంప్రదాయం, లెక్క కాదు. హిందోళంలో రిషభం లేదు కాబట్టి 8, 20 రెండూ కుదురుతాయి. రెండు పుస్తకాల్లో రెండు సంఖ్యలు చూసి ఒకటి అచ్చుతప్పు అనుకోకండి. ఎవరు ఏ సంఖ్య అన్నారో రాసుకుంటే చాలు.

అటునుంచి ఇటు, స్వరాల నుంచి పేరుకు వెళ్లడం మరీ ప్రమాదం. ఆరభి, దేవగాంధారి రెంటికీ ఆరోహణ అవరోహణలు ఒకటే రాస్తారు. పాడితే పసిపిల్లలకు కూడా తేడా తెలుస్తుంది. హిందుస్తానీలో భూప్, దేశ్కార్ అంతే. స్వరాలు టైపు చేస్తే రాగం పేరు చెప్పే వెబ్‌సైట్లు ఇక్కడ మొదట దొరికిన పేరు పడేస్తాయి. అక్కడ దొరికే పేరును ఆచూకీగా తీసుకోండి, రుజువుగా కాదు.

అలాంటి చోట్ల ఎదురయ్యే ఇంకో దెబ్బ షడ్జం తప్పు పట్టడం. తంబుర లేని సినిమా పాటను కీబోర్డు మీద వాయించి ఐదు స్వరాలు రాసుకున్నారనుకోండి. 0, 2, 4, 7, 9 వస్తే మోహనం. అవే మీటలను రిషభం దగ్గర షడ్జం పెట్టి చూస్తే మధ్యమావతి, గాంధారం దగ్గర హిందోళం, పంచమం దగ్గర శుద్ధసావేరి, ధైవతం దగ్గర శుద్ధధన్యాసి. పాట ఏ స్వరం మీద వాలుతోందో, ఆధార శ్రుతి ఏదో తేలకుండా పేరు పెట్టడం మొదలెడితే ఐదింటిలో నాలుగు తప్పులకు అవకాశం. ముందు బేస్‌ గిటారు, చరణం చివర వాలే స్వరం, ఈ రెంటినీ చూసి షడ్జం ఖాయం చేసుకోవాలి.

హిందుస్తానీ సమానార్థకాల పట్టికల గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఒకే హెచ్చరిక చాలు: ఒకే పేరున్న జతలను ముందే అనుమానించండి. మన తోడి స్వరాలు వాళ్ల భైరవి థాట్ (థాట్ అంటే వాళ్ల మేళం లాంటిది). వాళ్ల తోడి థాట్ మన శుభపంతువరాళి స్వరాలు. మన భైరవి వేరు, వాళ్ల భైరవి వేరు. మన శ్రీ 22 కింద, వాళ్ల శ్రీ పూర్వీ థాట్‌లో, అంటే మన 51 స్వరాల్లో. మన హిందోళం వాళ్ల మాల్‌కౌఁస్. వాళ్ల హిందోల్‌లో ప్రతి మధ్యమం, అంతర గాంధారం ఉంటాయి.

ఇక సాక్ష్యాల సంగతి. పది వెబ్‌సైట్లు ఒకే మాట చెబితే పది సాక్ష్యాలు కావు. ఒకదాన్ని చూసి ఒకటి దించుకున్నాయేమో కనిపెట్టడానికి ఒక పాత కిటుకుంది: తప్పులను పోల్చండి. ఒప్పు ఎవరికైనా విడిగా దొరకొచ్చు. కానీ రెండు లిస్టుల్లో ఒకే రాగానికి ఒకే చోట ఒకే స్వరం పొరపాటు ఉంటే, వాటికి తల్లి ఒకటే. వాటిని ఒక్క సాక్ష్యంగానే లెక్కపెట్టాలి.

త్యాగరాజ కృతుల దగ్గర ఇది మరీ అవసరం. రాగనామాలు మనదాకా వచ్చింది శిష్య పరంపరల ద్వారా, ఆ తర్వాత అచ్చుపుస్తకాల ద్వారా. ఆ పరంపరలు చాలా ఉన్నాయి: వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం. "ఎవరని నిర్ణయించిరిరా" కొన్ని పుస్తకాల్లో దేవామృతవర్షిణి, కొన్నింట్లో నాదచింతామణి. "నగుమోము గనలేని"కి ఆభేరి అన్న పేరు స్థిరపడింది, కానీ ఇవాళ పాడేది చతుశ్శ్రుతి ధైవతంతో: స గ2 మ1 ప ని2 స, స ని2 ద2 ప మ1 గ2 రి2 స. దీక్షితుల సంప్రదాయంలో ఆభేరికి శుద్ధ ధైవతం. చతుశ్శ్రుతి ధైవతం ఉన్న ఈ రూపాన్ని కర్ణాటక దేవగాంధారి అన్నవాళ్లున్నారు. కాబట్టి "నగుమోము ఏ రాగం?" అన్నదానికి ఒక్క మాటలో జవాబు రాయకూడదు. ఏ ధైవతంతో పాడిన ఏ రికార్డు, ఏ పుస్తకం ప్రకారం ఏ పేరు అని మూడు గళ్లు కావాలి.

తెలుగు చదివేవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, వాడుకోవడం లేదంతే. ప్రదర్శిని మొదటి ముద్రణ తెలుగు లిపిలోనే. దానికి ముందే, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, తచ్చూరు సింగరాచార్యుల సోదరులు మద్రాసులో వేసిన సంగీత పుస్తకాలూ తెలుగువే. తెలుగు రానివాళ్లు అనువాదం ద్వారా చూసేదాన్ని మనం మూలంలోనే చూడొచ్చు. చూసేటప్పుడు పేరుతోపాటు పుట సంఖ్య, ముద్రణ సంవత్సరం, అక్కడున్న అక్షరక్రమాన్ని మార్చకుండా రాసుకోండి. దిద్దుబాటు మీకు తోస్తే పక్క గడిలో వేయండి. వాడుక ఎప్పుడు మారిందో పట్టుకోవాలంటే 1928లో ఏర్పడ్డ మద్రాసు మ్యూజిక్ అకాడమీ జర్నల్ సంచికల్లో అచ్చయిన రాగలక్షణ చర్చలు పనికొస్తాయి. వాటికి తేదీ ఉంటుంది, ఎవరేమన్నారో ఉంటుంది.

ఒక పద్దు ఎలా ఉండాలో పంతువరాళితోనే చెప్తాను. పేరు: పంతువరాళి. స్వరాలు: 0, 1, 3, 6, 7, 8, 11. మేళ స్థానం: 45, లెక్క కట్టినది. ఎక్కడ: చతుర్దండి ప్రకాశిక, పదిహేడో శతాబ్దం. ఇతర పేర్లు: శివపంతువరాళి, శుభపంతువరాళి, ఏది ఏ పట్టికలోదో పక్కన. దీని కింద గీత గీసి, ఇంకో పద్దు: అదే పేరు, 0, 1, 4, 6, 7, 8, 11, స్థానం 51, నేటి వాడుక, ఇతర పేర్లు శుద్ధరామక్రియ, కాశిరామక్రియ, కామవర్ధని. రెంటినీ కలిపి ఒక పద్దు చేయాలన్న కోరిక పుడుతుంది. ఆపుకోండి.

కొత్త పేర్లకు కూడా ఇదే పద్ధతి. ఒక మేళంలో సంపూర్ణ (ఏడు స్వరాల), షాడవ (ఆరు), ఔడవ (ఐదు) ఆరోహణ అవరోహణలను కలిపితే 22ను 22తో గుణించినన్ని, అందులో మేళం పోగా 483. 72 మేళాలకు 34,776, పునరుక్తులతో కలిపి. వక్రాలు ఇందులో లేవు. ఇన్నింటికీ పేర్లు పెట్టాలని కూర్చున్న పుస్తకాల్లో ఒకే పేరు రెండు వరసలకు, ఒకే వరసకు రెండు పేర్లు తగలడం సహజం. అలాంటి పేరుకు పాట ఉందా, ఎవరైనా పాడారా అన్నది మొదట చూడాలి. పట్టికలో తప్ప ఇంకెక్కడా లేని పేరును "పట్టిక పేరు" అని వేరే గుర్తుతో ఉంచడం మంచిది.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ పెట్టిన పేర్లు అలా కాదు, వాటికి కృతులున్నాయి, ఆయన గొంతులో రికార్డులున్నాయి. లవంగిలో స రి1 మ1 ద1, సుముఖంలో స రి2 మ2 ని3, మహతిలో స గ3 ప ని2, నాలుగేసి స్వరాలే. వీటిలో మహతిని 28 జన్యమని రాస్తారు. లెక్క వేయండి: గ3తో జతకట్టే రిషభాలు మూడు, మధ్యమాలు రెండు, ని2తో జతకట్టే ధైవతాలు రెండు. మొత్తం 12 మేళాలు కుదురుతాయి. కాబట్టి జన్యం గడిలో 28 అని వేసినప్పుడు, పక్కనే అది ఎవరు ఎక్కడ చెప్పిన సంఖ్యో రాయకపోతే ఆ గడి ఖాళీగా వదిలినదాంతో సమానం.